మోకాలి ముందు నొప్పంటే గుజ్జు అరిగిపోయినట్టేనా?

పాతికేళ్లు నిండని పిల్లలు ఎమ్మారై కవరు పట్టుకొచ్చి, "గుజ్జు అరిగిపోయిందట, మెట్లెక్కితే ఇంకా అరుగుతుందట కదండీ" అని అడుగుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ మాట ప్రచారం చేసేవాళ్ల మీద కోపమూ వస్తుంది.

అపోహ: మోకాలి ముందు నొప్పంటే గుజ్జు అరిగినట్టే, కాలు కదపకూడదు.

వాస్తవం: మెట్లు దిగేటప్పుడు, గొంతుక్కూర్చున్నప్పుడు, బస్సులో చాలాసేపు కూర్చుని లేచినప్పుడు మోకాలి చిప్ప చుట్టూ నొప్పెడుతోందా? ఈ వయసులో అది చాలావరకు చిప్ప కీలు (చిప్ప తొడ ఎముక మీద కదిలే చోటు) మీద అలవాటుకు మించిన భారం పడటం వల్లే. నొప్పి ఎప్పుడొస్తోందో అడిగి, గొంతుక్కూర్చోబెట్టి, చేత్తో పరీక్షించి తేల్చేస్తాం. ఎక్కువమందికి స్కాన్ అక్కర్లేదు. నొప్పే లేనివాళ్ల ఎమ్మారైలో కూడా గుజ్జులో మార్పులు కనిపిస్తుంటాయి.

మొన్నామధ్య 22 ఏళ్ల అమ్మాయి వచ్చింది. కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడగానే, అలవాటు లేని పరుగు రోజూ మొదలుపెట్టింది. నొప్పొచ్చింది. ఎవరో భయపెడితే పరుగుతోపాటు నడక కూడా మానేసింది. మోకాలికి తొడుక్కున్న నీక్యాప్ పట్టీ తీసి చూస్తే ఆ కాలి తొడ కండరం సన్నబడిపోయి ఉంది. చిన్న మెట్టు మీంచి ఒంటికాలితో దిగమంటే మోకాలు లోపలికి వాలిపోతోంది. విశ్రాంతి చేసే నష్టం ఇదే: కండ తగ్గేకొద్దీ కీలు ఓర్చుకోగలిగిన భారమూ తగ్గుతుంది, చివరికి మామూలు మెట్లే బరువవుతాయి. ఈ మాట చెబితే ఆ అమ్మాయి నమ్మలేదు, వాళ్లమ్మగారు అసలే నమ్మలేదు.

పరుగు ఇప్పుడే వద్దన్నాం, నడక మాత్రం మళ్లీ మొదలుపెట్టించాం. గోడకి ఆనుకుని సగం దాకా కూర్చోవడం, పక్కకి పడుకుని కాలెత్తడం, మెట్టు ఎక్కి దిగడం. తొడకీ తుంటికీ రెండింటికీ బలం రావాలి. నొప్పి పదికి మూడు లోపుంటే చెయ్యొచ్చు, మర్నాటికి పెరిగితే తగ్గించాలి. సాధారణంగా 6 నుంచి 12 వారాలు ఓపిక పట్టాలి. ఆ అమ్మాయి ఇప్పుడు మెల్లగా మళ్లీ పరుగులో పడింది.

మిగతావి: మోకాలు కటకటమన్నా నొప్పీ వాపూ లేకపోతే టెన్షన్ వద్దు. టేపు, నీక్యాప్ కొన్నాళ్లు హాయినిస్తాయి గానీ వ్యాయామానికి బదులు కావు. గుజ్జు పెంచుతామనే పొడులు ఈ నొప్పిని తగ్గిస్తాయనడానికి గట్టి ఆధారం లేదు, డబ్బు తగలెయ్యకండి.

అయితే మోకాలు వాచినా, బిగుసుకుపోయినా, ఎర్రబడి జ్వరమొచ్చినా, దెబ్బ తగిలాక కాలు మోపలేకపోయినా ఆలస్యం చేయకుండా ఆర్థోపెడిక్ డాక్టరుకి చూపించాలి. పది నుంచి పదిహేనేళ్ల పిల్లలు మోకాలు నొప్పంటూ కుంటుతుంటే తుంటి కూడా చూడమని మీరే అడగండి. తుంటి దగ్గర ఎముక జారినా కొందరు పిల్లలకి నొప్పి మోకాల్లోనే తెలుస్తుంది.