కాన్‌బెర్రా కడుపులో కెమెరా

బెంగళూరు హెచ్ఏఎల్ మ్యూజియంకి వచ్చినవాళ్లలో చాలామంది మారుత్, మిగ్-21 లాంటి ఫైటర్ జెట్ల దగ్గర ఆగి ఫోటోలు దిగుతారు, కాన్‌బెర్రా దగ్గర మాత్రం అంత రద్దీ ఉండదు, ఎందుకంటే అది చూడ్డానికి మనం అనుకునే జెట్ లాగా ఉండదు మరి. సూదిముక్కు లేదు, వెనక్కి వాలిన రెక్కలు లేవు, బొద్దుగా ఉంటుంది. ఆదివారం పూట అక్కడ సగం మాటలు తెలుగులోనే వినపడతాయి, తెలుగువాళ్లు ఎక్కువుండే మారతహళ్లి పక్కనే కదా. "నాన్నా, ఇంత లావుంది, ఇది నిజంగా ఎగురుద్దా?" అని ఒక పిల్లాడు అడుగుతుంటే వాళ్ల నాన్న బోర్డు వెతుక్కుంటున్నాడు. పిల్లాడి డౌటు మంచిదే, ఆ లావులోనే అసలు సంగతి ఉంది.

కాన్‌బెర్రా బ్రిటన్‌లో ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ కంపెనీ చేసిన బాంబర్, మొదటిసారి ఎగిరింది 1949 మే 13న. మన ఎయిర్‌ఫోర్స్ 1957 నుంచి 2007 వరకు, అంటే 50 ఏళ్లు వాడింది. బాంబులేసే రకంతో పాటు పీఆర్-57 అని ఒక రకం తీసుకున్నారు, దాని పని ఫోటోలు తీయడం, అంతే. 106 స్క్వాడ్రన్ వీటిని నడిపింది.

రెక్క చూడండి. వైశాల్యం సుమారు 89 చదరపు మీటర్లు, మిగ్-21 ది 23. లోడ్ చేసిన బరువు చూస్తే కాన్‌బెర్రా మిగ్ కంటే రెండున్నర రెట్లు ఉంటుందేమో గానీ రెక్క మాత్రం నాలుగు రెట్లకి దగ్గర. 12 కిలోమీటర్ల ఎత్తులో గాలి సాంద్రత నేల మీద ఉన్నదాంట్లో పావు వంతే, ఆ పలచటి గాలిలో నిలబడాలంటే అంత రెక్క కావాల్సిందే. 1957లో అదనంగా రాకెట్ ఇంజన్ తగిలించిన ఒక కాన్‌బెర్రా 70,310 అడుగులకి ఎక్కి రికార్డు కొట్టింది కూడా. స్పీడ్ సంగతంటారా, ధ్వని వేగం దాటేది కాదు, ఫోటోలు తీసే విమానానికి అది మరీ పెద్ద లోటేం కాదని నేనంటాను.

ఎందుకో చిన్న లెక్క వేద్దాం, నాకు ఈ సబ్జెక్టులో బాగా నచ్చేది ఇదే. 36 అంగుళాల ఫోకల్ లెంగ్త్ (లెన్స్ నుంచి ఫిల్మ్ దాకా దూరం అనుకోవచ్చు) ఉన్న లెన్స్ అనుకోండి, అంటే 91 సెంటీమీటర్ల పైన. 12 కిలోమీటర్ల పైనుంచి తీస్తే ఫిల్మ్ మీద స్కేల్ దాదాపు 1:13,000. నాలుగున్నర మీటర్ల జీపు ఫిల్మ్ మీద మిల్లీమీటర్‌లో మూడోవంతు ఉంటుంది. మంచి ఫిల్మ్ అయితే అందులోనూ వివరాలు పట్టుకుంటుంది. కానీ విమానం గంటకి 800 కిలోమీటర్ల స్పీడ్‌లో పోతోంది, షట్టర్ సెకనులో 250వ వంతే తెరుచుకున్నా ఆ లోపే దాదాపు 90 సెంటీమీటర్లు ముందుకెళ్లిపోతుంది, జీపు అలికినట్టు వస్తుంది. రైలు కిటికీలోంచి పక్కనున్న కరెంటు స్తంభాన్ని ఫోన్‌తో తీస్తే ఏమవుద్దో అదే.

దీనికి ఇంజనీర్లు కనిపెట్టిన ఉపాయం ఏంటంటే, షట్టర్ తెరిచి ఉన్నంతసేపు ఫిల్మ్‌ని కూడా బొమ్మ జరిగే వైపే జరపడం. మన లెక్కలో సెకనుకి 17 మిల్లీమీటర్ల స్పీడ్. ఎత్తు తగ్గినా వేగం మారినా ఆ అంకె మారాలి, అప్పుడే బొమ్మ ఫిల్మ్ మీద కదలకుండా కూర్చుంటుంది. కంప్యూటర్లు లేని రోజుల్లో మోటార్లు, గేర్లతో చేశారు ఇదంతా!

ఇంకోటి, ఫోటోలు ఒకదాని మీద ఒకటి 60 శాతం కలిసేలా తీస్తారు. 9 అంగుళాల ఫ్రేమ్‌లో 3 కిలోమీటర్ల నేల పడుతుంది కాబట్టి ప్రతి 1.2 కిలోమీటర్లకి, అంటే ఐదున్నర సెకన్లకి ఒక క్లిక్. పక్కపక్క ఫోటోలు రెండు స్టీరియోస్కోప్ కింద పెడితే ఎడమ కన్నుకి ఒకటి, కుడి కన్నుకి ఒకటి కనపడి కొండలు, షెడ్లు పైకి లేచి నిలబడతాయి, ఎత్తు కొలవొచ్చు. ఇదంతా సరిగ్గా రావాలంటే విమానం ఊగకుండా ఒకే లైన్‌లో పోవాలి, పెద్ద రెక్కల కాన్‌బెర్రాకి అది బాగా కుదిరింది.

ఒకే లైన్‌లో నెమ్మదిగా పోయేదాన్ని కొట్టడం కూడా తేలికే, ఆ బాధ ఉంది. 1959 ఏప్రిల్ 10న మన పీఆర్-57 ఒకదాన్ని రావల్పిండి దగ్గర పాకిస్తాన్ సేబర్ ఫైటర్ కూల్చేసింది, ఇద్దరు సిబ్బంది బయటికి దూకి బతికారు, పట్టుబడ్డారు. 40 ఏళ్ల తర్వాత కార్గిల్‌లో, 1999 మే 21న, ఇంకో పీఆర్-57 కుడి ఇంజన్‌కి భుజం మీంచి పేల్చే క్షిపణి తగిలింది. ఎత్తు లెక్క సముద్రమట్టం నుంచి కాదు కదా, శిఖరం మీద కూర్చున్నవాడికి విమానం చాలా దగ్గర. ఒక్క ఇంజన్‌తోనే శ్రీనగర్ చేరి దిగింది.

ఆ ఇంజన్లు రోల్స్ రాయిస్ ఏవాన్‌లు. మ్యూజియంలో ముందువైపు నిలబడి చూస్తే గాలి పోయే నోటి మధ్యలోంచి ఒక గుండ్రటి ముక్కు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, చాలామంది అలంకారం అనుకుంటారు. స్టార్టర్ ఉండేది అందులోనే. కార్ట్రిడ్జ్‌లో తుపాకీ మందు లాంటిది పేల్చి ఆ గ్యాస్‌తో ఇంజన్ తిప్పేవాళ్లు, బయట బ్యాటరీ బండి కోసం చూడక్కర్లేదు, నల్ల పొగ మాత్రం గుప్పున లేచేది.

అమెరికా ఇదే డిజైన్ లైసెన్స్ తీసుకుని బీ-57 అని చేసుకుంది, దాంట్లోంచి వచ్చిన డబ్ల్యూబీ-57 లు నాసా దగ్గర ఇంకా ఎగురుతున్నాయి. వాటిలో ఒకటి ఎడారిలో పాత విమానాల యార్డులో దాదాపు 40 ఏళ్లు పడి ఉంటే 2013లో బాగుచేసి మళ్లీ లేపారు. 2024 ఏప్రిల్ 8 సంపూర్ణ సూర్యగ్రహణం రోజు ఈ విమానాలే చంద్రుడి నీడ వెంట పరిగెత్తి, కెమెరాలని ఈసారి కిందకి కాకుండా సూర్యుడి వైపు తిప్పి, నేల మీద నాలుగున్నర నిమిషాలు కూడా దొరకని చీకట్లో 6 నిమిషాలకి పైగా కరోనాని, అంటే సూర్యుడి చుట్టూ ఉండే వేడి వాయువుల పొరని, ఫోటోలు తీశాయి.