కచేరీ వేరు, సినిమా పాట వేరు: సంగీత చిత్రాలపై కొన్ని అపోహలు - వాస్తవాలు

సినిమాకు నేపథ్య సంగీతం రికార్డు చేసే రీ-రికార్డింగ్ థియేటర్లో వయొలిన్ వాయిస్తూ, ఆ తర్వాత అక్కడే మిగతావారికి నొటేషన్ (వాయించాల్సిన స్వరాల రాత) రాసిస్తూ బతికిన మనిషిని. నా పని ఇదని తెలియగానే చాలామంది ‘శంకరాభరణం’ గురించో ‘సాగర సంగమం’ గురించో కబుర్లు మొదలుపెడతారు. ఆ సినిమాలంటే నాకూ ప్రాణమే. కానీ ఆ కబుర్లలో కొన్ని నమ్మకాలు మాటిమాటికీ వినిపిస్తాయి. వాటివల్ల ఎందరి శ్రమో మరుగున పడిపోతోంది కనుక ఇది రాస్తున్నాను.

అపోహ: శాస్త్రీయ సంగీతం తెలిస్తేనే ‘శంకరాభరణం’ అర్థమవుతుంది.

వాస్తవం: తెలియనివారి కోసమే ఆ సినిమా అంత జాగ్రత్తగా తీశారు. కథానాయకుడైన సంగీత విద్వాంసుడు శంకరశాస్త్రి కూతురు శారద హిందోళ రాగం పాడుతూ, మనసు మరెక్కడో ఉండి రిషభం, అంటే ‘రి’ స్వరం, పలికించే సన్నివేశం గుర్తుందా? హిందోళంలో రిషభం లేదు, పంచమమూ (‘ప’) లేదు. ఈ సంగతి తెలిసినవాళ్లు హాల్లో ఎంతమంది ఉంటారు? తండ్రి ‘శారదా!’ అని కేక వేయగానే మాత్రం ఏదో అపచారం జరిగిందని అందరికీ తెలిసిపోతుంది. స్వరం తప్పిందన్న విషయాన్ని దర్శకుడు కె.విశ్వనాథ్ ఒక్క అరుపుతో, ఒక అమ్మాయి బెదురు చూపుతో చెప్పేశారు.

‘బ్రోచేవారెవరురా’ పాఠం సంగతీ అంతే. ఆకలేసినప్పుడు బిడ్డ ‘అమ్మా’ అనడానికీ, దెబ్బ తగిలినప్పుడు ‘అమ్మా’ అనడానికీ తేడా ఉంటుందని శంకరశాస్త్రి చెబుతాడు. గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించడం, అన్న మాట విననివారికి కూడా అది ఎందుకో అక్కడ బోధపడుతుంది. సంగీతం మీద సినిమా తీయాలనుకునే యువ దర్శకులు ఎవరు సలహా అడిగినా ఆ రెండు సన్నివేశాలే చూడమంటాను.

అపోహ: అలాంటి పాటలు కచేరీ విద్వాంసులు మాత్రమే పాడగలరు.

వాస్తవం: ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం పద్ధతిగా శాస్త్రీయ సంగీతం నేర్చుకోలేదు. అయినా ఆయనకు తొలి జాతీయ పురస్కారం తెచ్చింది ‘శంకరాభరణమే’. తెరమీద శాస్త్రిగా కనిపించిన జె.వి.సోమయాజులు రంగస్థల నటుడు, డిప్యూటీ కలెక్టరు, గాయకుడు కాదు. ఆ గొంతుకూ ఈ ముఖానికీ అతుకు కనిపించలేదంటే కారణం, బాలు ఆ పాత్ర వయసును, అహాన్ని, నిష్ఠను గొంతులోకి తెచ్చుకోవడమే. కచేరీలో విద్వాంసుడు తానుగా పాడతాడు. నేపథ్య గాయకుడు మరొకరుగా మారి పాడాలి. ఊపిరి తీసే చప్పుడు కూడా పట్టేసే మైకు ముందు అలా మారడం వేరే విద్య, దానికి వేరే సాధన కావాలి.

1992లో వచ్చిన ‘స్వాతికిరణం’లో బాలుడైన గంగాధరం పాటలు పాడింది వాణీ జయరాం. ఆ గానానికీ జాతీయ పురస్కారం వచ్చింది. అలాగని కచేరీ విద్వాంసులకు సినిమా పాట నప్పదనీ అనలేం. ‘మేఘసందేశం’లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ గొంతు వినండి.

అపోహ: ‘శంకరాభరణం’లోవన్నీ పాత కీర్తనలే.

వాస్తవం: కొన్నే. ‘మానస సంచరరే’ సదాశివ బ్రహ్మేంద్రులది, ‘బ్రోచేవారెవరురా’ మైసూరు వాసుదేవాచార్యులది, ‘పలుకే బంగారమాయెనా’ రామదాసుది. ‘శంకరా నాదశరీరాపరా’ వేటూరి రాసిన సినిమా పాటే. ‘దొరకునా ఇటువంటి సేవ’ కథ ఇంకా బాగుంటుంది. ఆ మాటలు, ఆ బిలహరి రాగం త్యాగరాజస్వామి కృతివి. వాటిని ఎత్తుగడగా తీసుకుని మిగతాదంతా వేటూరి కొత్తగా అల్లారు. పాతదేది, కొత్తదేది అని శ్రోత తడుముకునేంతగా కలిసిపోయింది.

అపోహ: కీర్తన రాగం మార్చడం సంప్రదాయానికి ద్రోహం.

వాస్తవం: ఈ విషయంలో పెద్దలతో వాదించి అలసిపోయాను, అయినా మళ్లీ చెబుతాను. తమిళ చిత్రం ‘సింధు భైరవి’ (1985)లో ఇళయరాజా, కాంభోజి రాగంలో ఉన్న త్యాగరాజ కృతి ‘మరి మరి నిన్నే’ను సారమతిలో వినిపించారు. కథలో ఒక అమ్మాయి జానపద గీతం పాడుతూ పాడుతూ ఆ కీర్తనలోకి జారాలి. రెండింటికీ ఒకే రాగం ఉంటే తప్ప ఆ మలుపు సాఫీగా సాగదు. కథ అడిగింది కాబట్టే మారింది.

మరి మనం భక్తితో పాడుకునే అన్నమయ్య సంకీర్తనల మాటేమిటి? రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి, స్వరాలు లేవు. నేడు మనం వింటున్న వరసల్లో చాలా వరకు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి వంటి ఇరవయ్యో శతాబ్దపు విద్వాంసులు కూర్చినవి. అవి అన్నమయ్యకు ద్రోహం చేయలేదు కదా.

అపోహ: ముందు ట్యూను, తర్వాతే మాటలు.

వాస్తవం: ఎక్కువగా జరిగేది అదే. ‘మామ’ కె.వి.మహదేవన్ మాత్రం చేతికొచ్చిన సాహిత్యాన్ని చూసి దానికే వరస కట్టేవారు. తెలుగు ఆయన మాతృభాష కాదు. ఆయన పక్కన సహాయకుడు పుహళేంది ఉండేవారు. అయినా మహదేవన్ పాటలో పదం విరగకుండా, దీర్ఘం ఉన్నచోటే స్వరం సాగుతూ పలుకుతుంది.

అపోహ: పాటలే సినిమా సంగీతం. బీజీఎం (నేపథ్య సంగీతం) ఖాళీలు నింపడానికే.

వాస్తవం: నా జీవితమంతా గడిచింది ఈ ‘ఖాళీల్లోనే’ కాబట్టి కాస్త వివరంగా చెప్పనివ్వండి. ముందు దర్శకుడు, సంగీత దర్శకుడు కలిసి రీలు రీలూ చూస్తారు. సంగీతం ఎక్కడ మొదలవాలి, ఎక్కడ ఆగాలి, ఎక్కడ అసలు వద్దు అన్నది అప్పుడే తేలుతుంది. తర్వాత లెక్క. సినిమా సెకనుకు 24 ఫ్రేములు (విడి బొమ్మలు) నడుస్తుంది. నిమిషానికి 120 దెబ్బల లయ తీసుకుంటే ఒక్కో దెబ్బకు 12 ఫ్రేములు. తలుపు తెరుచుకున్న ఫ్రేము దగ్గరే వయొలిన్లు అందుకోవాలంటే ముందు ఎన్ని దెబ్బలు ఖాళీగా వదలాలో కాగితం మీద తేలాలి. హెడ్‌ఫోనులో లయ చూపే క్లిక్ టకటకమంటూ ఉంటుంది, కండక్టరు చేయి లేస్తుంది. బో (వయొలిన్ కమాను) ఎటు లాగాలో పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటాం, వరసలో అందరి చేతులూ ఒకే దిశలో కదలాలి. ఎవరైనా నొటేషన్ పేజీ తిప్పితే ఆ గరగర మైకులో పడుతుంది, మళ్లీ టేక్. అందుకే పేజీ తిప్పే పని విరామంలో పడేలా నొటేషన్ రాయడం నేర్చుకున్నాను.

ఇంత కష్టపడి రికార్డు చేసిన బిట్‌ను చివరికి దర్శకుడు తీసేయమంటాడు. ఎన్నోసార్లు ఆయన మాటే సరైంది. ఏడుస్తున్న మనిషి వెనక వయొలిన్లూ ఏడిస్తే ప్రేక్షకుడికి ఏడవడానికి చోటుండదు.

పాటలు, నేపథ్య సంగీతం రెండు వేరు పనులని పురస్కారాలిచ్చేవారికీ తెలుసు. 2009 చిత్రాలకు ఇచ్చిన 57వ జాతీయ పురస్కారాల్లో రెండింటికీ విడివిడిగా బహుమతులిచ్చారు. ఆ ఏడాది నేపథ్య సంగీతానికి అందుకున్నది ఇళయరాజా. 2023లో ‘నాటు నాటు’ గెలిచిన ఆస్కార్ కూడా పాటల విభాగంలోనిది. అందుకే అది కీరవాణితో పాటు రాసిన చంద్రబోస్‌కూ దక్కింది.

అపోహ: టైటిల్స్‌లో ఉన్న ఒక్క పేరే ఆ సంగీతం మొత్తానికి కర్త.

వాస్తవం: ‘మాయాబజార్’ (1957) సంగీత దర్శకుడు ఘంటసాల. కానీ ‘లాహిరి లాహిరి లాహిరిలో’ సహా నాలుగు పాటలకు వరసలు కట్టింది సాలూరి రాజేశ్వరరావు. ఆయన తప్పుకున్నాక ఘంటసాల ఆ వరసలకు వాద్యాలు కూర్చి, రికార్డు చేసి, మిగతా పాటలు కట్టారు. వెన్నెల్లో పడవ సాగే ఆ పాటలో ఇద్దరి చేతులూ ఉన్నాయి. వాయించినవారి చేతులు ఇంకా ఎన్నో ఉన్నాయి, వాళ్ల పేర్లు ఏ టైటిల్ కార్డులోనూ లేవు.