బ్రాంచిలో ఫోన్ మూగబోతే: అపోహలు - వాస్తవాలు

విశాఖ ద్వారకానగర్‌లో కూర్చుని అచ్యుతాపురంలోనో, పాడేరులోనో ఉన్న ఆఫీసు ఫోన్లు బాగుచేయడం నా పని. అచ్యుతాపురం వెళ్లొస్తే సగం రోజు, పాడేరు ఘాట్ ఎక్కి దిగితే రోజంతా పోతుంది. అందుకే అక్కడ ఫోన్ పరికరాల ర్యాక్ ముందు నిలబడిన మనిషి కళ్లే నాకు కళ్లు. ఆ మనిషి అకౌంటెంట్ కావచ్చు, వాచ్‌మన్ కావచ్చు. చూసింది చూసినట్టు చెబితే పది నిమిషాల్లో తేలిపోయే సంగతి, కొన్ని నమ్మకాల వల్ల వారాలు సాగుతుంది. అలాంటివి కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: ఫోన్ పనిచేయకపోతే ముందు అన్నీ ఆఫ్ చేసి ఆన్ చేయాలి.

వాస్తవం: ముందు చూడాలి, ఆ తర్వాతే ఆఫ్ చేయాలి. ఐపీ ఫోన్ (నెట్ కేబుల్ మీద నడిచే ఫోన్) డిస్‌ప్లే మీద 'నెట్‌వర్క్ లేదు' అని ఉంటే తప్పు కేబుల్‌లోనో, కేబుళ్లన్నీ కలిసే నెట్‌వర్క్ స్విచ్ పోర్టులోనో ఉంటుంది. ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ఫోన్ చిరునామా) రాలేదని ఉంటే డీహెచ్‌సీపీ, అంటే ఆ అడ్రస్‌లు పంచే సేవ, వైపు చూడాలి. అడ్రస్ వచ్చి, కాల్స్ నడిపే సర్వర్‌లో రిజిస్టర్ కాలేదంటే సర్వర్ దాకా దారి లేదు, లేదా పాస్‌వర్డ్ తప్పు. మూడింటికీ మూడు వేరే మందులు. ఆఫ్ చేయగానే ఆ సందేశం పోతుంది. చాలా చిన్న పరికరాల్లో లాగ్ (ఏం జరిగిందో పరికరం రాసుకునే చిట్టా) కూడా మెమరీలోనే ఉంటుంది కాబట్టి అదీ చెరిగిపోతుంది.

పరవాడ దగ్గర ఒక ఆఫీసులో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నాలుగైదు ఫోన్లు మూగబోయేవి. ఎవరో ఒకరు ఆఫ్ చేసి ఆన్ చేసేవారు, కొన్ని వచ్చేవి, కొన్ని రావు. మూడు వారాలు ఇలాగే గడిచింది. చివరికి అక్కడి వాచ్‌మన్‌తో, "బాబాయ్, ఈసారి ఏదీ ముట్టుకోకు, ఫోన్ మీద ఏం కనబడుతోందో ఒక ఫొటో తీసి పంపు చాలు" అన్నాను. ఫొటోలో ఉన్న ఐపీ అడ్రస్ మా నెట్‌వర్క్‌ది కానే కాదు. పక్క గదిలో ఎవరో వైఫై కోసం ఇంట్లో వాడే రూటర్ తెచ్చి మా స్విచ్‌లో గుచ్చారు. అది కూడా అడ్రస్‌లు పంచుతోంది. కరెంటు రాగానే ఫోన్లన్నీ ఒకేసారి అడ్రస్ అడుగుతాయి, రెండింటిలో ఏది ముందు పలికితే దాన్నే తీసుకుంటాయి. ఆఫ్ చేసి ఆన్ చేస్తే అప్పుడప్పుడు పనిచేయడానికి కారణం అదే. దాన్ని పీకించాం, స్విచ్‌లో డీహెచ్‌సీపీ స్నూపింగ్ (వేరే పరికరాలు అడ్రస్‌లు పంచకుండా ఆపే సదుపాయం) పెట్టాం. మళ్లీ ఆ మాట రాలేదు.

నిజంగానే రీస్టార్ట్ చేయాల్సి వస్తే ముందు ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి చేరే పెట్టె), తర్వాత రూటర్, తర్వాత స్విచ్, చివర్న ఫోన్లు. ఒక్కోదాని దీపాలు కుదురుకున్నాకే తర్వాతిది వేయండి.

అపోహ: మాట ఒకవైపే వినిపిస్తోందంటే రిసీవర్ పాడైనట్టే.

వాస్తవం: ముందు పక్క సీటు ఎక్స్‌టెన్షన్‌కు చేసి చూడండి. అక్కడ మాట రెండువైపులా బాగుంటే రిసీవర్‌లో తప్పు లేదు. ఐపీ ఫోన్‌లో కాల్ కలిపే సంభాషణ ఒక దారిలో, అసలు మాట మరో దారిలో వెళతాయి. కలిపేది సిప్, సాధారణంగా 5060 పోర్టు మీద. మాటను మోసేది ఆర్‌టీపీ, దాని పోర్టులు వేరు. రింగ్ అవుతుంది, ఎత్తుతారు, కానీ ఫైర్‌వాల్ ఒకవైపు ఆర్‌టీపీని ఆపేస్తే ఒకరి మాట గాలిలో కలిసిపోతుంది. నేను మొదట చూసేది రూటర్‌లోని సిప్ ఏఎల్‌జీ. సాయం చేయడానికని పెట్టిన ఆ సదుపాయం సిప్ సందేశాల్లోని అడ్రస్‌లను మార్చబోయి తరచూ చెడగొడుతుంది. దాన్ని ఆపేయగానే బాగైన బ్రాంచిలు చాలా ఉన్నాయి.

ఇలాంటిదే ఇంకో గుర్తు చెబుతాను. "సార్, కాల్ అరనిమిషానికి తెగిపోతోంది" అంటే, గడియారం పట్టుకుని చూడమంటాను. ప్రతిసారీ 32 సెకన్ల దగ్గరే తెగితే అది సిగ్నల్ బలహీనత కాదు. కాల్ ఎత్తిన కబురుకు 'అందింది' అని రావలసిన జవాబు దారిలో పోతోంది. సిప్ నియమం ప్రకారం 32 సెకన్లు చూసి వ్యవస్థే కాల్ కట్ చేస్తుంది. ఎప్పుడు పడితే అప్పుడు తెగే కాల్‌కు, లెక్కగా తెగే కాల్‌కు కారణాలు పూర్తిగా వేరు.

అపోహ: నెట్ స్పీడ్ పెంచితే మాట స్పష్టంగా వస్తుంది.

వాస్తవం: జి.711 కోడెక్‌లో (మాటను డిజిటల్‌గా మార్చే పద్ధతి) ఒక కాల్‌కు ఈథర్నెట్ మీద ఒక్కో దిశలో దాదాపు 87 కేబీపీఎస్ పడుతుంది. ఒకేసారి పది కాల్స్ నడిచినా 1 ఎంబీపీఎస్ కూడా నిండదు. మాటకు కావలసింది వెడల్పు కాదు, నిలకడ. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలి, ప్యాకెట్లు (మాటను మోసే చిన్న ముక్కలు) సమాన వ్యవధిలో రావాలి, దారిలో రాలిపోకూడదు. మధురవాడలో ఒక బ్రాంచి వాళ్లు ప్లాన్ రెండుసార్లు పెంచుకున్నా సాయంత్రం అయ్యేసరికి మాట ముక్కలయ్యేది. ఆ వేళకే సీసీ కెమెరాల రికార్డింగ్ క్లౌడ్‌కు ఎక్కేది, అప్‌లోడ్ దారి మొత్తం అదే తినేసేది. రూటర్‌లో వాయిస్ ప్యాకెట్లకు డీఎస్‌సీపీ 46 గుర్తు వేసి ముందు వరసలో నిలబెట్టాం, కెమెరాలకు హద్దు పెట్టాం. డబ్బు పెట్టేముందు ఆఫీసు పని జోరుగా ఉన్న వేళ పింగ్ (అవతలికి కబురు వెళ్లి రావడానికి పట్టే సమయం చూపే పరీక్ష) పెట్టి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు చేసిన స్పీడ్ టెస్ట్ దీనికి పనికిరాదు.

అపోహ: మీటరు 48 వోల్టులు చూపిస్తే లైను బాగున్నట్టే.

వాస్తవం: దీని గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. మన ఊళ్లో నన్ను ఎక్కువగా తిప్పించింది ఇదే.

రాగి తీగ లైన్లు ఇంకా ఉన్నాయి. రిసీవర్ పెట్టేసి ఉన్నప్పుడు ఎక్స్ఛేంజి లైను మీద దాదాపు 48 వోల్టులు ఉంటుంది. మీటరు లాక్కునే కరెంటు దాదాపు సున్నా. కాబట్టి మధ్యలో ఒక జాయింటు తుప్పు పట్టి వేల ఓములు అడ్డుపడుతున్నా మీటరు 48 చూపిస్తూనే ఉంటుంది. రిసీవర్ ఎత్తగానే లైను 20 మిల్లీయాంపులో, ఇంకా పైనో లాగాలి. ఆ తుప్పు జాయింటు అంత ఇవ్వలేదు. డయల్ టోన్ రాదు, లేదా గరగర వస్తుంది. అందుకే రిసీవర్ ఎత్తి ఉంచి కొలవండి. మామూలుగా 6 నుంచి 12 వోల్టుల మధ్య నిలవాలి. ఫోన్ దగ్గర అంతకంటే బాగా కిందికి పడిపోతే, ఎక్కడో జాయింటు తినేస్తోంది. లైను వచ్చే చివర నుంచి ఒక్కో జాయింటు దగ్గరా కొలుచుకుంటూ రండి.

బీచ్ రోడ్డు, భీమిలి వైపు ఆఫీసుల్లో ఇది మరీ ఎక్కువ. ఉప్పుగాలికి రాగి పచ్చబారుతుంది. క్రోన్ మాడ్యూల్ (తీగలను గాడుల్లో నొక్కి కలిపే పట్టీ) పైకి శుభ్రంగా కనిపిస్తుంది, లోపల బ్లేడు తీగను పట్టిన చోట పాచి. వానాకాలంలో గరగర మొదలై ఎండకు తగ్గుతోందంటే తేమ దిగిందని అర్థం. అక్కడ తీగను మళ్లీ అదే గాడిలో నొక్కడం దండగ. చివర కత్తిరించి, మెరిసే రాగి తీసి, కొత్త గాడిలో పంచింగ్ టూల్‌తో కొట్టండి. గోడ బయటి జాయింట్లకు జెల్లీ కనెక్టర్లే (తేమ దిగకుండా లోపల జెల్ నింపినవి) వాడండి, చుట్టి టేపు వేసి వదిలేయకండి.

పాడేరు, అరకు వైపు ఉప్పు లేదు గానీ పిడుగులున్నాయి. ఎండీఎఫ్‌లో (బయటి లైన్లు వచ్చి చేరే పెట్టె) జీడీ ట్యూబులు, అంటే పిడుగు పోటును ఎర్త్‌కు మళ్లించేవి, పెట్టి ఎర్త్ తీగ కలపని ఆఫీసులు చూశాను. ట్యూబ్ పిడుగు కరెంటును ఎక్కడికి పంపాలి? దారి లేకపోతే ఆ పోటు ఈపీఏబీఎక్స్ (ఆఫీసు సొంత ఎక్స్ఛేంజి) కార్డులోకే వెళుతుంది. ఎర్త్ బిగించి ఉందో లేదో చేత్తో కదిపి చూడమనండి. నట్టు వదులైనవే ఎక్కువ.

అపోహ: యూపీఎస్ ఉంది కాబట్టి కరెంటు పోయినా ఫోన్లు నడుస్తాయి.

వాస్తవం: ఏవేవి యూపీఎస్ మీద ఉన్నాయో ప్లగ్ ప్లగ్ చూశారా? రాగి లైనుకు కరెంటు ఎక్స్ఛేంజి బ్యాటరీల నుంచి అదే తీగలో వచ్చేది. ఫైబర్ గాజు, అది కరెంటు తేదు. ఓఎన్‌టీ, రూటర్, పీవోఈ స్విచ్ (నెట్ కేబుల్‌లోనే ఫోన్లకు కరెంటు ఇచ్చేది), మూడిట్లో ఏ ఒక్కటి మామూలు ప్లగ్‌లో ఉన్నా ఫోన్లు పోతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక రోజుల తరబడి కరెంటు లేని చోట్ల ఈ పాఠం అందరం నేర్చుకున్నాం. అప్పటినుంచి ప్రతి బ్రాంచిలో మెయిన్ ఆపించి, ఏ ఫోన్ ఎంతసేపు నిలుస్తుందో గడియారం చూసి రాయిస్తున్నాను.

పీవోఈ స్విచ్‌లో ఇంకో మెలిక ఉంది. పోర్టుకు 15.4 వాట్లు ఇవ్వగలదన్నంత మాత్రాన అన్ని పోర్టులకూ ఒకేసారి ఇవ్వగలదని కాదు. మొత్తానికి ఒక పరిమితి ఉంటుంది. కొత్తగా రెండు కెమెరాలు తగిలించాక చివరి ఫోన్లు వెలగకపోతే ఫోన్లు మార్చకండి, ఆ లెక్క చూడండి.

అపోహ: మన చిన్న ఆఫీసు ఫోన్ వ్యవస్థను ఎవరు హ్యాక్ చేస్తారు?

వాస్తవం: మనుషులు వెతకనక్కర్లేదు, ప్రోగ్రాములు రాత్రీపగలూ 5060 పోర్టు తడుతూనే ఉంటాయి. 201 ఎక్స్‌టెన్షన్‌కు పాస్‌వర్డ్ కూడా 201 అయితే తెల్లారేసరికి విదేశీ కాల్స్ బిల్లు వచ్చి కూర్చుంటుంది. ఐఎస్‌డీ అవసరం లేని చోట మూసేయండి.

అపోహ: హెడ్ ఆఫీసు లింక్ తెగితే బ్రాంచి చేయగలిగింది ఏమీ లేదు.

వాస్తవం: బ్రాంచిలో ఒక లోకల్ లైను, లింక్ పోయినప్పుడు ఫోన్లను తనే నడిపే గేట్‌వే ఉంటే లోపలి కాల్స్, బయటి కాల్స్ రెండూ సాగుతాయి. కానీ పెట్టి వదిలేస్తే చాలదు. ఆదివారం బయటి నెట్ కేబుల్ పీకి చూడాలి. ఫోన్లు గేట్‌వేకు మారడానికి ఎంతసేపు పట్టింది, కేబుల్ పెట్టాక తిరిగి వచ్చాయా, రెండూ రాసుకోవాలి.

అప్పుడే ఇంకొకటి కూడా సరిచూడండి. పాడేరు బ్రాంచిలో ఎవరికైనా గుండెనొప్పి వచ్చి 112 కొడితే, ఆ కాల్ ఏ లైనులోంచి బయటికి వెళుతోంది? హెడ్ ఆఫీసు లైనులోంచి వెళితే అవతల ఎత్తినవాళ్లకు కనిపించేది 0891తో మొదలయ్యే విశాఖ నంబరు. 112కు దారి ఎప్పుడూ బ్రాంచి లోకల్ లైను మీదే పెట్టండి. ఆ ఆఫీసు చిరునామా, దగ్గరి గుర్తు రాసిన కాగితం రిసెప్షన్ ఫోన్ పక్కన అంటించండి.