సెక్షన్ల గొడవకు మూలం ఎక్కడ?

మార్కుల్ని బట్టి ఇంటర్ పిల్లల్ని సెక్షన్లుగా విడగొట్టొచ్చా అన్న వాదన మళ్లీ రేగింది. విశాఖలో నీట్‌కు చదువుతూ 2023లో చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి తండ్రి సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. ఆ కేసులో 2025 జులై 25న కోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించి, విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కుల ఆధారంగా బ్యాచ్‌లు చేయొద్దు, నలుగురిలో అవమానించొద్దు అన్నవి అందులో ఉన్నాయి.

1986లో ఎంసెట్ రావడం, గుంటూరు, విజయవాడల్లో రెసిడెన్షియల్ కాలేజీలు పెరగడం తెలిసిన కథే. అప్పుడూ పోటీ గట్టిగానే ఉండేది. సీట్లు తక్కువ, రాసేవాళ్లు ఎక్కువ. కానీ కష్టపడితే పల్లెటూరి రైతు కొడుకు కూడా డాక్టర్ కావచ్చన్న ఆశ అందులో ఉండేది.

కథ మలుపు తిరిగింది ఆ తర్వాత. 2010 నాటికి ఉమ్మడి రాష్ట్రంలో ఇంజినీరింగ్ కాలేజీలు ఏడు వందలకు చేరువయ్యాయి. వేలకు వేల సీట్లు మిగిలిపోయేవి. లెక్క ప్రకారం పిల్లల మీద ఒత్తిడి తగ్గాలి. తగ్గకపోగా పెరిగింది. ఎందుకంటే అప్పటికి అసలు పరుగు సీటు కోసం కాదు, ఫలితాల మర్నాడు పేపర్లో వేసుకునే ఫుల్ పేజీ ప్రకటన కోసం. పోటీ కాలేజీల మధ్య, పరుగెత్తాల్సింది పిల్లలు.

ఆ ప్రకటనకు కావాల్సింది పదుల సంఖ్యలో ర్యాంకర్లు. అందుకే పదో తరగతిలో బాగా చదివే పిల్లల ఇళ్లకు పీఆర్వోలు వెళ్లి ఫ్రీ సీటు ఇస్తామంటారు. మిగతావాళ్ల ఫీజులతోనే ఆ ఖర్చు గడుస్తుంది. వారాంతం టెస్టు అవగానే లిస్టు వస్తుంది. పేరు కిందికి జారిన పిల్లవాడు పుస్తకాలు సర్దుకుని వేరే సెక్షన్‌కు వెళ్లాలి. నిన్నటిదాకా పాఠం చెప్పిన సీనియర్ లెక్చరర్ ఇక దొరకడు. వెనకబడ్డవాడికి మంచి టీచర్ అవసరం ఎక్కువ, ఇక్కడ జరిగేది సరిగ్గా తలకిందులు. ఆదివారం ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ అడిగే మొదటి ప్రశ్న కూడా సెక్షన్ గురించే.

తల్లిదండ్రులే అలా కోరుతున్నారనీ, స్థాయిని బట్టి చెబితేనే పాఠం అర్థమవుతుందనీ యాజమాన్యాలు అంటున్నాయి. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ స్థాయిని బట్టి చెప్పడానికి లిస్టు గోడకు అంటించక్కర్లేదు.

ప్రభుత్వాలు పైపైనే ముట్టుకున్నాయి. 2022లో ఆంధ్రప్రదేశ్ పదో తరగతి ర్యాంకుల ప్రకటనల్ని నిషేధించి, జైలు తప్పదని హెచ్చరించింది. ఎంట్రన్స్ ర్యాంకుల ప్రకటనలు మాత్రం ఆగలేదు. 2024 జనవరిలో కేంద్రం పదహారేళ్లలోపు పిల్లల్ని చేర్చుకోవద్దంది, ర్యాంకు గ్యారంటీ ప్రకటనలు వద్దంది, మొదటి తప్పుకు 25 వేలు, రెండోదానికి లక్ష జరిమానా పెట్టింది. అయితే అవి కోచింగ్ సెంటర్లకు. మన దగ్గర కోచింగ్ నడిచేది జూనియర్ కాలేజీ పేరుతోనే.

సుప్రీంకోర్టు ఆ సందు మూసింది. కాలేజీలు, హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు అన్నీ పరిధిలోకి వచ్చాయి. అయినా బ్యాచ్‌ల విషయంలో ‘వీలైనంత వరకు’ అని కోర్టు కొంత వెసులుబాటు ఇచ్చింది. దాన్ని అడ్డం పెట్టుకుని పాత పద్ధతే సాగకుండా చూడాల్సింది రాష్ట్రాలు రాసే నిబంధనలే. సెక్షన్ లిస్టుల్ని తనిఖీ చేసే అధికారం ఎవరిదో వాటిలో స్పష్టంగా ఉండాలి.