రంగు, నోరు, టికెట్టు: బాక్సింగ్ స్టార్ వెనక లెక్క

శ్రీకాకుళం, విజయనగరం కుర్రాళ్ళు బాక్సింగ్‌లో పతకం తెచ్చినప్పుడల్లా ఒక ప్రశ్న లేస్తుంది. స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో సర్వీసెస్‌లోనో కుదురుకుంటారు సరే, జిల్లా దాటితే వాళ్ళ పేరు ఎవరికీ తెలీదేం? ఆటలో లోపం వెతకనక్కర్లేదు. ఒలింపిక్ పద్ధతిలో మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, అయిదుగురు జడ్జీలు, గెలిస్తే పతకం. టికెట్లు అమ్మే పని బాక్సర్‌ది కాదు. ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో మాత్రం అసలు లెక్క అక్కడే మొదలవుతుంది: వీడి కోసం జేబులో డబ్బు తీసేదెవరు? అమెరికాలో ఆ జనాన్ని విడదీసిందీ, ఎగదోసి టికెట్లు కొనిపించిందీ ఒంటి రంగే.

1908 డిసెంబర్ 26న సిడ్నీలో జాక్ జాన్సన్ టామీ బర్న్స్‌ను చితక్కొట్టి, హెవీవెయిట్ టైటిల్ గెలిచిన మొదటి నల్లజాతి బాక్సర్ అయ్యాడు. ఓడిన బర్న్స్‌కు 30 వేల డాలర్లు, గెలిచిన జాన్సన్‌కు 5 వేలు. తెల్ల ఛాంపియన్ బరిలోకి దిగడానికి ఒప్పుకోవడమే పెద్ద ఉపకారం అన్న రోజులవి. ఈ ద్వేషంలో సొమ్ముందని కనిపెట్టినవాడు ప్రమోటర్ టెక్స్ రికర్డ్. రిటైరై బరువెక్కిన మాజీ ఛాంపియన్ జిమ్ జెఫ్రీస్‌ను 'తెల్లవాళ్ళ ఆశాజ్యోతి'గా వెనక్కి రప్పించి, 1910 జూలై 4న రీనోలో బౌట్ పెట్టాడు. రిఫరీ కూడా తనే. పదిహేనో రౌండులో జెఫ్రీస్ కూలాడు. ఆ రాత్రి చాలా ఊళ్ళలో అల్లర్లు జరిగి ప్రాణాలు పోయాయి. 1912లో బాక్సింగ్ ఫిలిములను ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పంపకూడదని చట్టమే వచ్చింది. 1915లో జాన్సన్ టైటిల్ పోగొట్టుకున్నాక 22 ఏళ్ళపాటు మరో నల్లజాతి బాక్సర్‌కు హెవీవెయిట్ టైటిల్ బౌట్ దక్కలేదు.

1937లో జో లూయిస్‌కు దక్కింది, అదీ షరతులతో. తెల్ల ఆడవాళ్ళతో ఫొటో దిగొద్దు, ఓడినవాడి మీద నిలబడి మురిసిపోవద్దు అని మేనేజర్లు ముందే కట్టడి చేశారు. జాన్సన్ ఏమేం చేశాడో అవన్నీ మానాలన్నమాట. టైటిల్ పణంగా పెట్టినందుకు అప్పటి తెల్ల ఛాంపియన్ జిమ్ బ్రాడాక్ మేనేజర్ పదేళ్ళపాటు ప్రమోటర్ లాభంలో పదో వంతు రాయించుకున్నాడు. తర్వాత ముహమ్మద్ అలీ ఈ పద్ధతిని తలకిందులు చేశాడు. గార్జియస్ జార్జ్ అనే కుస్తీవీరుడు నోరు పారేసుకుంటుంటే, వాడు ఓడితే చూడాలని జనం టికెట్లు కొనడం 1961లో అలీ కళ్ళబడింది. తనూ అదే దారి పట్టాడు.

నోటి దురుసు లేకుండా ఎదిగినవాడు షుగర్ రే లెనార్డ్. 1976 ఒలింపిక్ స్వర్ణం, టీవీలో చూడముచ్చటైన నవ్వు. లాయర్ మైక్ ట్రెయినర్ ఇరవైమందికి పైగా స్నేహితుల దగ్గర 21 వేల డాలర్లు అప్పు తెచ్చి బాక్సర్ పేరునే కంపెనీ పెట్టాడు. మొదటి బౌట్‌కే 40 వేల డాలర్లకు పైగా వచ్చాయి, అప్పు తీరింది. ఏ ప్రమోటర్‌కూ ఏళ్ళ తరబడి కట్టుబడకుండా బౌట్‌కో బేరం చేసుకున్నాడు. మిగతావాళ్ళకు ఆ తెలివి లేక కాదు, ముందుగా ఆ పతకం, ఆ టీవీ ముఖం లేక.

రంగు మాత్రం మార్కెట్‌లోనే ఉండిపోయింది. 1982లో నల్లజాతి ఛాంపియన్ లారీ హోమ్స్‌తో సమానంగా తెల్ల ఛాలెంజర్ గెరీ కూనీకి సొమ్ము ముట్టింది. ఛాంపియన్‌ను చివర పిలిచే ఆనవాయితీ తప్పి, రింగులో అతని పేరే ముందు పిలిచారు. 2007 మేలో, మెక్సికన్ పండుగ వారాంతంలో, ఫ్లాయిడ్ మేవెదర్ మెక్సికన్ టోపీ పెట్టుకుని మెక్సికన్ మూలాలున్న ఆస్కార్ డి లా హోయా మీదికి వచ్చాడు, కావాలనే. 24 లక్షల ఇళ్ళవాళ్ళు డబ్బు కట్టి చూశారు. గెలిచిన మేవెదర్‌కు సుమారు 2.5 కోట్ల డాలర్లు, ఓడిన డి లా హోయాకు 5.2 కోట్లు. జనాన్ని తెచ్చినవాడే 'ఏ-సైడ్'. పెద్ద వాటా, తేదీ, గ్లవ్స్ ఎంపిక అన్నీ అటే మొగ్గుతాయి.

మన దేశంలోనూ ముఖం లెక్క ఉంది. మేరీ కోమ్ జీవితంపై 2014లో హిందీ సినిమా తీస్తే, ఆ వేషం ఈశాన్యపు నటికి కాక ప్రియాంకా చోప్రాకు దక్కింది. ఉత్తరాంధ్రకు వస్తే అడ్డు రంగు కాదు, యాస. తెరమీద మన మాటను నవ్వులకే వాడారు. మైకు ఇస్తే పిల్లలు బిగుసుకుపోతారు. అలీకి నోరే సరుకైనట్టు, వీళ్ళకు ఆ యాసే అమ్ముడుపోయే సరుకవ్వాలి.

నిజానికి బలాన్ని టికెట్టు పెట్టి చూపడం ఇక్కడ కొత్త కాదు. శ్రీకాకుళం స్టేడియానికి పేరిచ్చిన కోడి రామ్మూర్తి నాయుడు వీరఘట్టం మనిషి. విజయనగరంలో వ్యాయామం నేర్పే ఉద్యోగం వదిలి సర్కస్ పెట్టాడు. ఛాతీమీద పలక వేయించుకుని ఏనుగును నడిపించాడు. డేరా తనదే గనక గేటు సొమ్మూ తనదే.

ఇప్పుడు 1,500 సీట్ల హాలు, 200 రూపాయల టికెట్టు అనుకుంటే, హాలు నిండినా 3 లక్షలు. అందులోంచే రింగు అద్దె, డాక్టరు, అంబులెన్సు, రిఫరీ, జడ్జీలు, ప్రత్యర్థి ప్రయాణం, అతని పర్స్, అంటే బౌట్ ఆడినందుకిచ్చే సొమ్ము. బ్రిటన్ చిన్న హాళ్ళలో కొత్త బాక్సర్ తానే టికెట్లు అమ్మి ప్రత్యర్థి పర్స్ రాబట్టాలి. అమ్మలేకపోతే బౌటే రద్దు. నాలుగు రౌండ్ల బౌట్లతో మొదలై ఆరు, ఎనిమిది, పదికి వెళ్ళేదాకా ఇదే బతుకు. ఓడడానికే తిరిగే జర్నీమన్‌లతో రికార్డు పెంచితే, మొదటి గట్టి ప్రత్యర్థి ముందే గుట్టు బయటపడుతుంది.

సిక్కోలు బాక్సర్‌కు ఆ 1,500 మంది శ్రీకాకుళంలోనే దొరకాలని లేదు. ఐరిష్ బాక్సర్లకు న్యూయార్క్, మెక్సికన్లకు లాస్ ఏంజెలెస్ అయినట్టు, మన వలస జనం పనిచేసే విశాఖ, హైదరాబాద్‌లలో ఆదివారం సాయంత్రం మొదటి బౌట్ పెట్టి చూడాలి.