నడవలేనివాళ్లూ బరువు తగ్గొచ్చు: అపోహలు - వాస్తవాలు

మూడేళ్ల కిందట ఒక పెద్దావిడ మా క్లినిక్‌కి ఆటోలో వచ్చారు. వయసు 58, బరువు 86 కిలోలు, రెండు మోకాళ్లలోనూ గుజ్జు అరిగింది. ఆటో దిగి మూడు మెట్లు ఎక్కడానికి ఒక పక్క కూతురి భుజం, ఇంకో పక్క గోడ పట్టుకోవాల్సి వచ్చింది. అంతకుముందు వేరే చోట చూపించుకుంటే "ముందు బరువు తగ్గి రండి, తర్వాత చూద్దాం" అని పంపేశారట. "నడిస్తే కదమ్మా తగ్గేది? నడవలేకే కదా మీ దగ్గరికి వచ్చింది?" అంటూ కళ్లు తుడుచుకున్నారు.

ఫిజియోథెరపిస్టుగా పదహారేళ్లుగా ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను. మోకాళ్ల నొప్పులవాళ్లు, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లు, చిన్నప్పుడు పోలియో వచ్చినవాళ్లు, యాక్సిడెంట్‌లో కాలు పోయినవాళ్లు, అందరిదీ ఇదే బాధ. ఒంట్లో ఉన్న ఇబ్బంది కంటే, ఆ నోటా ఈ నోటా విన్న మాటలే వాళ్లను ఎక్కువగా కదలనివ్వడం లేదు. ఆ మాటల్లో నిజమెంతో ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నడవలేకపోతే బరువు తగ్గడం కుదరదు.

ముందు లెక్క చూడండి. 80 కిలోల మనిషి మామూలు వేగంతో అరగంట నడిస్తే ఖర్చయ్యేది సుమారు 130 క్యాలరీలు. ఒక పెద్ద చెంచా నూనెలో, అంటే 15 మిల్లీలీటర్లలో, దాదాపు 120 క్యాలరీలు ఉంటాయి. అరగంట నడక చేసే పనిని వంటింట్లో ఒక చెంచా నూనె తగ్గిస్తే చేయొచ్చు.

ఇది నా ఒక్కదాని మాట కాదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో మోకీళ్లు అరిగి బరువు ఎక్కువగా ఉన్న 454 మందిని 18 నెలల పాటు పరిశీలించారు. అందరూ 55 ఏళ్లు దాటినవాళ్లే. ఫలితాలు 2013లో వచ్చాయి. వ్యాయామం మాత్రమే చేసినవాళ్లు సగటున 2 కిలోల లోపే తగ్గారు. తిండి మార్చుకున్నవాళ్లు 9 కిలోల దాకా తగ్గారు. రెండూ చేసినవాళ్లు పదిన్నర కిలోలు తగ్గారు, నొప్పి అందరికంటే తక్కువగా ఉన్నదీ వీళ్లకే. కాబట్టి బరువు దిగేది ఎక్కువగా కంచం దగ్గర. వ్యాయామం చేసే పని వేరు. అది కండను నిలబెడుతుంది, కీలును కాపాడుతుంది, లేచి నిలబడే బలాన్నిస్తుంది. ఈ రెండింటినీ కలిపేసుకుని "నడక లేదు కాబట్టి ఏమీ లేదు" అనుకోవడం దగ్గరే అందరూ ఆగిపోతున్నారు.

ఆ పెద్దావిడను నేను మొదట అడిగింది మోకాళ్ల గురించి కాదు, నూనె గురించి. "నెలకు ఎన్ని ప్యాకెట్లు?" అన్నాను. ఇంట్లో నలుగురు, నెలకు ఐదు లీటర్లు. అంటే మనిషికి రోజుకు దాదాపు 42 మిల్లీలీటర్లు, సుమారు 345 క్యాలరీలు. అదే మూడు లీటర్లకు దించితే 205 చిల్లర. ఎవరూ ఆకలితో ఉండక్కర్లేదు, ఒక ముద్ద తగ్గించక్కర్లేదు, రోజుకు 140 క్యాలరీలు పోయినట్టే. నెల మొదట్లోనే మూడు ప్యాకెట్లు తెచ్చి, ఇక కొనకుండా ఉండటం ఒక్కటే చిట్కా. సీసా వంచి పోయడం మానేసి చెంచాతో పోయాలి. వంకాయ, బెండకాయ, దొండకాయ వేపుళ్లను వారానికి రెండు రోజులకు పరిమితం చేసి, మిగతా రోజుల్లో అవే కూరగాయల్ని పులుసుగానో, పప్పులోనో, ఆవిరి మీద ఉడికించి పోపు పెట్టిన కూరగానో చేసుకోమన్నాను. టీ కూడా లెక్కలోకి తీసుకోండి. రోజుకు ఐదు టీలు, ఒక్కో దాంట్లో రెండు చిన్న చెంచాల పంచదార అంటే 160 క్యాలరీలు. పంచదార ఒక్కసారిగా మానలేకపోతే వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి, నాలుక అలవాటు పడుతుంది.

అపోహ: అన్నం మానేసి చపాతీ తింటే చాలు.

బియ్యం, గోధుమపిండి, రాగిపిండి, ఏది తీసుకున్నా వంద గ్రాములకు 320 నుంచి 360 క్యాలరీల మధ్యే ఉంటాయి. రాగుల్లో క్యాల్షియం చాలా ఎక్కువ, పీచూ ఉంది, కాబట్టి మంచిదే. కానీ పెద్ద గ్లాసుల్లో రాగి జావ తాగి, మళ్లీ టిఫినూ తింటే బరువు పెరుగుతారు. నూనె రాసి కాల్చిన నాలుగు చపాతీలు కప్పు అన్నం కంటే ఎక్కువే అవుతాయి. అన్నం అలవాటైనవాళ్లు అన్నమే తినండి. మార్చాల్సింది వరస. ముందు కూర, పప్పు కంచంలో సగానికి పైగా వడ్డించుకుని, తర్వాత కొలత గిన్నెతో ఒక్కసారే అన్నం పెట్టుకోండి. మనవాళ్లు అన్నం కొండలా పెట్టుకుని, దాని పక్కన కూర పచ్చడంత వేసుకుంటారు. ఇబ్బంది అక్కడే ఉంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. కదలిక తక్కువగా ఉన్నవాళ్లు పూటలు మానేసి వేగంగా బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా కరుగుతుంది. కాలు బాగున్న మనిషికి రెండు కిలోల కండ పోతే తెలియకపోవచ్చు. కుర్చీలోంచి లేవడానికే చేతులు ఆనించేవాళ్లకు ఆ రెండు కిలోలే లేవగలగడానికీ, లేవలేకపోవడానికీ మధ్య తేడా. అందుకే ప్రోటీన్ తగ్గకూడదు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం ఆరోగ్యవంతులకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు కావాలి, 70 కిలోల మనిషికి దాదాపు 58 గ్రాములు. చారన్నం, పచ్చడన్నం, పెరుగన్నంతో అది రాదు. గుడ్డులో 6 గ్రాములు వస్తుంది. 25 గ్రాముల మీల్ మేకర్‌లో 12 గ్రాముల పైనే ఉంటుంది. గట్టి పప్పు, పెసరట్టు, శనగలు, చేప, చికెన్, వీటిలో ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్‌ని అడగకుండా ప్రోటీన్ పెంచొద్దు. ఇన్సులిన్ లేదా గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మందులు వాడేవాళ్లు రాత్రి భోజనం మానేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. తిండి తగ్గిస్తున్నామని డాక్టర్‌కి ముందే చెప్పి, మందు మోతాదు సరిచేయించుకోవాలి.

అపోహ: అరిగిన మోకాళ్లను కదిలిస్తే ఇంకా అరుగుతాయి.

నాకు అన్నింటికంటే బాధ కలిగించే మాట ఇది. దీన్ని నమ్మి ఏళ్ల తరబడి మంచానికే పరిమితమైనవాళ్లను చూశాను. మోకాలి గుజ్జులోకి రక్తనాళాలు వెళ్లవు. కీలు చుట్టూ ఉండే ద్రవం నుంచే దానికి పోషణ అందాలి. కాలు కదిలినప్పుడు గుజ్జు స్పాంజిలా నొక్కుకుని, మళ్లీ ఉబ్బుతూ ఆ ద్రవాన్ని పీల్చుకుంటుంది. కదలని కీలుకు ఆ పోషణ తగ్గుతుంది. తొడ కండ కూడా బలహీనపడుతుంది, అది మోయాల్సిన భారం కీలు మీద పడుతుంది.

మొదటి నెల నేను ఇచ్చేవి మూడే. మంచం మీద కాళ్లు చాపి కూర్చుని, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, ఐదు లెక్కపెట్టేదాకా కిందికి నొక్కి వదలాలి. వెల్లకిలా పడుకుని ఒక కాలు మడిచి, రెండో కాలిని నిటారుగా జానెడు ఎత్తు లేపి, ఐదు లెక్కపెట్టి దించాలి. గోడకు ఆనించిన గట్టి కుర్చీలోంచి లేచి కూర్చోవాలి. కుర్చీ ఎత్తు చాలకపోతే రెండు మడతల దుప్పటి వేసుకోండి, మొదట్లో చేతులు ఆనించినా ఫర్వాలేదు. ఒక్కోటి పదిసార్లు, ఉదయం సాయంత్రం చేయాలి. చేస్తుంటే కొద్దిగా నొప్పి రావడం సహజం. ఆపాక రెండు గంటలు దాటినా మామూలు కంటే నొప్పి ఎక్కువగా ఉంటే మర్నాడు సంఖ్య తగ్గించండి, పూర్తిగా మానేయకండి. మోకాలు వాచి వేడిగా ఉన్నా, ఉన్నట్టుండి పట్టేసినా, ఒక పిక్క మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా వ్యాయామం ఆపి వెంటనే డాక్టర్‌కి చూపించాలి.

చేతికర్ర నొప్పి ఉన్న కాలి వైపు కాదు, దానికి ఎదుటి చేతిలో పట్టుకోవాలి. మెట్లెక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. తిరుమల మెట్ల మొక్కు ఉందని, ఎక్కొచ్చా అని చాలామంది అడుగుతారు. అలిపిరి దారిలో 3,550 మెట్లు. మోకాళ్లు బాగా అరిగినవాళ్లను నేనైతే ఎక్కొద్దంటాను.

బరువు తగ్గితే మోకాలికి ఎంత హాయో కొలిచిన లెక్క కూడా ఉంది. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకూ మోకాలి మీద పడే భారం నాలుగు కిలోలు తగ్గుతుందని 2005లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. మొదట్లో చెప్పిన పెద్దావిడ తొమ్మిది నెలల్లో 9 కిలోలు తగ్గారు. అంటే అడుగడుగునా 36 కిలోల భారం దిగినట్టు. ఆమె మోకాళ్లు కొత్తవి కాలేదు, చలికాలంలో ఇప్పటికీ నొప్పి పెడతాయి. కానీ వీధి చివర గుడికి ఒక్కరే వెళ్లొస్తున్నారు.

అపోహ: కూర్చుని చేసేది వ్యాయామమే కాదు.

గుండెకు మీరు కాళ్లతో చేస్తున్నారా, చేతులతో చేస్తున్నారా అన్నది తెలియదు. కండలు పనిచేసి, ఊపిరి వేగం పెరిగితే అది వ్యాయామమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ప్రత్యేకంగా ఒక భాగం ఉంది. వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మాదిరి శ్రమ, కనీసం రెండు రోజులు కండల బలం పెంచే వ్యాయామం అని మిగతా పెద్దవాళ్లకు చెప్పిందే వాళ్లకూ చెప్పారు. అంత చేయలేకపోయినా చేసినంత మేలే అని కూడా అన్నారు. శ్రమ సరిపోతోందా అన్నది ఇలా చూసుకోండి: మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి.

ఇష్టమైన పాట పెట్టుకుని, అది అయిపోయేదాకా కుర్చీలో నిటారుగా కూర్చుని గాల్లో పిడిగుద్దులు విసరండి. మర్నాడు రెండు పాటలు. లీటరు నీళ్ల సీసా అంటే కిలో బరువు, డంబెల్స్ కొనక్కర్లేదు. వీల్‌చెయిర్ నడిపేవాళ్లకు ముందుకు తోసే కండలు ఎలాగూ వాడుకలో ఉంటాయి. కాబట్టి రబ్బరు బ్యాండ్‌ను కిటికీ ఊచకు కట్టి మోచేతులు వెనక్కి లాగే వ్యాయామం తప్పనిసరిగా చేయాలి, లేదంటే కొన్నేళ్లకు భుజాలు దెబ్బతింటాయి. అందుబాటులో ఈతకొలను ఉంటే ఈత రాకపోయినా ఫర్వాలేదు. నడుము లోతు నీళ్లలో కాళ్ల మీద పడే బరువు దాదాపు సగమే. తోడు మనిషిని తీసుకెళ్లి, కమ్మీ పట్టుకుని నడవండి.

అపోహ: పొట్ట బెల్టు కట్టుకుని చెమట పట్టిస్తే కొవ్వు కరుగుతుంది.

పోయేది నీళ్లు. రెండు గ్లాసులు తాగగానే తిరిగొస్తుంది. ఒక్క పొట్ట దగ్గరే కొవ్వు కరిగించే వ్యాయామం కూడా లేదు.

అపోహ: నాకు థైరాయిడ్ ఉంది, ఏం చేసినా తగ్గను.

థైరాయిడ్ తక్కువగా ఉండటం వల్ల పెరిగే బరువు సాధారణంగా 2 నుంచి 5 కిలోలు, అందులో చాలావరకు ఉప్పూ నీరే. మాత్ర సరిగ్గా వేసుకుంటూ పరీక్షలో అంతా మామూలుగా ఉంటే, మిగతా బరువు అందరిలాగే తగ్గుతుంది.

అపోహ: ఎంత కష్టపడితే అంత మంచిది.

పోలియో వచ్చినవాళ్ల దగ్గర ఈ మాట అస్సలు చెల్లదు. మన దేశానికి పోలియో రహిత గుర్తింపు 2014 మార్చిలో వచ్చింది. కానీ చిన్నప్పుడు పోలియో సోకినవాళ్లు ఇప్పుడు నలభై, యాభై, అరవైల్లో ఉన్నారు. జీవితమంతా ఒక కాలి పని కూడా రెండో కాలితో చేసి, ఉద్యోగాలు చేసి, పిల్లల్ని పెంచినవాళ్లు. పోలియో తర్వాత మిగిలిన నరాలు రెట్టింపు పని మోస్తూ వచ్చి, దశాబ్దాల తర్వాత అలసిపోవడం మొదలుపెడతాయి. కొత్తగా నీరసం, కొత్తగా కాలు సన్నబడటం కనిపిస్తాయి. దాన్ని బద్ధకం అనుకుని, పట్టుదలతో జిమ్‌లో బరువులెత్తితే ఉన్న బలమూ పోవచ్చు. వీళ్లకు కొద్దిసేపు వ్యాయామం, మధ్యలో విశ్రాంతి, మళ్లీ కొద్దిసేపు. మర్నాటికి కూడా అలసట తీరకపోతే సగానికి తగ్గించాలి. బరువు తగ్గే భారమంతా తిండి మీదే పెట్టాలి. దయచేసి ఇంట్లోవాళ్లు "ఇంకాస్త గట్టిగా చెయ్యి" అనొద్దు.

అపోహ: మోకాలి మార్పిడి ఆపరేషన్ అయ్యాక బరువు దానంతటదే తగ్గుతుంది.

నొప్పి పోతుంది, నడక వస్తుంది. తిండి అలవాటు మాత్రం పాతదే ఉంటుంది. ఆపరేషన్ తర్వాత బరువు పెరిగినవాళ్లనూ చూశాను.

అపోహ: మెషీన్ మీద నిలబడలేనివాళ్లు బరువు చూసుకోలేరు.

బరువు కంటే ముందు టేపు తీసుకోండి. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటకూడదన్నది మన దేశంలో పాటించే కొలత. బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే లెక్క, 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అంటున్నాం. కానీ వెన్నుపూస దెబ్బతిని కాళ్లలో కండ సన్నబడినవాళ్లకు బీఎంఐ మామూలుగా కనిపించినా ఒంట్లో కొవ్వు ఎక్కువ ఉండొచ్చు. కాలు తీసేసినవాళ్లకూ ఆ లెక్క అలాగే వర్తించదు. మొత్తం కాలు అంటే ఒంటి బరువులో దాదాపు 16 శాతం.

నిలబడలేనివాళ్లను నేను ధాన్యం కొట్టుకో, పార్సిల్ ఆఫీసుకో పంపిస్తాను. అక్కడ నేలమీద ఉండే పెద్ద కాటా మీదికి వీల్‌చెయిర్‌తో సహా ఎక్కొచ్చు. ఖాళీ కుర్చీని ఒకసారి విడిగా తూచి, ఆ అంకెను కుర్చీ వెనకే పెన్నుతో రాసి పెట్టుకోండి. నెలకోసారి, అదే కాటా మీద, అదే కుర్చీతో.