28 ఏళ్లకు మొదలుపెట్టి డ్యాన్స్ టీచర్ అవ్వొచ్చా? అపోహలు – వాస్తవాలు

క్లాసులో చేరడానికి వచ్చినవాళ్లు చాలామంది అడుగుతారు, "మీరు ఎన్నో ఏట మొదలుపెట్టారండీ?" అని. 28 అంటాను. "ఓ, మానేసి మళ్లీ మొదలుపెట్టారా?" అంటారు. కాదు, మొట్టమొదటిసారే. 36 ఏళ్లకు సొంతంగా బ్యాచ్ తీసుకున్నాను. ఈ మధ్యలో నేను విన్నవీ, కొంతకాలం నమ్మినవీ ఇవి.

అపోహ: చిన్నప్పటి నుంచి చేసినవాళ్లే నేర్పగలరు.

వాస్తవం: రుక్మిణీదేవి అరండేల్ పుట్టింది 1904లో. కొంత బ్యాలే నేర్చుకున్నారు, అదీ పెద్దయ్యాకే. 1930ల్లో భరతనాట్యం మొదలుపెట్టి, 1935లో తొలి ప్రదర్శన ఇచ్చి, 1936లో కళాక్షేత్ర అనే నాట్య పాఠశాల స్థాపించారు. అమెరికన్ మోడర్న్ డ్యాన్సర్ మార్తా గ్రాహం డ్యాన్స్ స్కూల్లో చేరేసరికి ఆవిడకి 22 ఏళ్లు. ఇప్పటికీ ఆవిడ పేరు మీదే ఒక టెక్నిక్ నేర్పుతున్నారు.

వాళ్లెక్కడ, మనమెక్కడ అంటారా? సరే, నా స్థాయిలోనే చెబుతాను. ఐదారేళ్లకే నేర్చుకున్నవాళ్లలో చాలామందికి ఒక అడుగు తమకెలా వచ్చిందో గుర్తుండదు. "ఇలా వేయి" అని వేసి చూపిస్తారు, అంతే. నాకు మాత్రం ప్రతి అడుగూ ఎక్కడ తడబడిందో గుర్తుంది. మా బ్యాచ్‌లో ఒకావిడ చేయి తిప్పితే పాదం ఆగిపోయేది, పాదం కదిలితే చేయి వేలాడిపోయేది. ఆవిడ చేతులు నడుం మీద పెట్టించి పాదాలు మాత్రమే 20 సార్లు వేయించాను. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి చేతులు మాత్రమే. ఆ తర్వాత రెండూ సగం వేగంలో కలిపాం. చూపు సంగతి ఆ రోజు ఎత్తనేలేదు, వచ్చే వారం చూద్దామన్నాను. ఈ వరుస నాకెవరూ చెప్పలేదు. అదే అడుగు దగ్గర నెల రోజులు ఇరుక్కుపోయి, చివరికి నేను బయటపడిన దారి అది.

అపోహ: బాగా చేస్తే చాలు, నేర్పడం అదే వస్తుంది.

వాస్తవం: రాదు. నా మొదటి క్లాసులో విద్యార్థులకు ఎదురుగా నిలబడి "కుడి" అంటూ నా కుడికాలు వేశాను. సగం మంది నా మాట విన్నారు, సగం మంది నా కాలు చూశారు. ఇద్దరు గుద్దుకున్నారు. ఎదురుగా నిలబడ్డప్పుడు నోటితో కుడి అంటూ ఎడమకాలు వేయాలి, అంటే వాళ్లకు అద్దంలా ఉండాలి. వినడానికి సులువే గానీ, నాకు అలవాటవడానికి నెలలు పట్టింది. అడుగు వేస్తూ లెక్క చెప్పడం ఇంకో తంటా. "ఐదు, ఆరు" దగ్గరికొచ్చేసరికి ఊపిరి అయిపోయేది.

ఇవన్నీ వచ్చింది ఒక సీనియర్ టీచర్ దగ్గర రెండేళ్లు అసిస్టెంట్‌గా ఉన్నాకే. ఆ రెండేళ్లలో ఎక్కువసేపు చేసింది డ్యాన్స్ కాదు, వెనక వరుసలో నిలబడి ఎవరి మోకాలు ఎటు పోతుందో చూడటం. టీచర్ అవుదామనుకునేవాళ్లు ఇంకో వర్క్‌షాప్‌కి వెళ్లేకంటే ముందు ఈ పని వెతుక్కోండి.

అపోహ: పెద్దయ్యాక ఒళ్లు వంగదు.

వాస్తవం: సగం నిజం. బలం ఏ వయసులోనైనా పెరుగుతుంది, కండరాలు సాగుతాయి. ఎముక ఆకారం మాత్రం మారదు. భరతనాట్యంలో సగం కూర్చునే అరమండి అయినా, బ్యాలేలో మోకాళ్లు వంచే ప్లియే అయినా కాళ్లు పక్కకు తిరగాల్సింది తుంటి కీలు దగ్గర. అక్కడ ఎంత తిరుగుతుందన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. తిరగనిదాన్ని పాదాలతో బలవంతంగా తిప్పితే ఆ మెలి మోకాలి మీద పడుతుంది. టీచర్‌లా కనిపించాలన్న తొందరలో నేనూ అదే చేసి, ఆరు నెలలు మెట్లు దిగడానికి అవస్థపడ్డాను. ఇప్పుడు కొత్తవాళ్లకు ముందు మోకాలు పాదం వేళ్ల దిశలోనే ఉందో లేదో చూసుకోమంటాను. ఎంత కిందికి కూర్చున్నారన్నది తర్వాత. ఎక్కువసేపు పట్టి ఉంచే స్ట్రెచింగ్ కూడా క్లాసు చివర్లోనే. ముందే చేస్తే కండరం పట్టు కాసేపు తగ్గుతుంది, గెంతులకు అది మంచిది కాదు.

అపోహ: సర్టిఫికెట్ ఉంటే టీచరే.

వాస్తవం: ఉంటే మంచిదే. గుద్దుకున్న ఆ ఇద్దరూ నా సర్టిఫికెట్ అడగలేదు.

అపోహ: టీచర్ అయ్యాక అన్నీ నేర్పగలగాలి.

వాస్తవం: ఇదే నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టింది. నేను నేర్పేది మొదటి మూడేళ్ల పాఠం. కొత్తగా వచ్చే పెద్దవాళ్లకు అది గట్టిగా నేర్పగలను. ఆ పైన వేగం, కష్టమైన తాళాలు నా చేతుల్లో లేవు. ఆ మాట చేరిన రోజే చెప్పేస్తాను. సిద్ధమైనవాళ్లను నేనే మా టీచర్ దగ్గరికి పంపిస్తాను. మొన్నటికి నలుగురు వెళ్లారు. నేను ఇంకా వారానికి రెండుసార్లు అక్కడికి విద్యార్థిగా వెళ్తుంటాను. వాళ్లు ముందు వరుసలో ఉంటారు, నేను మూడో వరుసలో.